కార్డు నెగెటివ్, పీసీఆర్ పాజిటివ్: మోషన్ శాంపిల్‌లో వైరస్ టెస్టుల గురించి ప్రొద్దుటూరు తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇది కదా. ప్రొద్దుటూరులో మీ ల్యాబ్‌కి పదకొండు నెలల పాప మోషన్ శాంపిల్ వచ్చింది, వాంతులు బేదులు మొదలై అప్పటికి ఆరో రోజు, మీరు రోటా-ఆడినో కార్డు (బేదులు తెప్పించే రోటా, ఆడినో వైరస్‌లకి గీత చూపించే చిన్న స్ట్రిప్) వేస్తే నెగెటివ్. డాక్టర్ గారు నమ్మక అదే శాంపిల్ హైదరాబాద్‌కి పంపిస్తే పెద్ద ప్యానెల్ పీసీఆర్‌లో రోటావైరస్ డిటెక్టెడ్, నోరోవైరస్ డిటెక్టెడ్, దాంతోపాటు ఒక ఈ-కోలి రకం కూడా డిటెక్టెడ్ అని వచ్చింది. ఇప్పుడు డాక్టర్ గారు మీ కార్డు దండగ అంటున్నారు, పాప వాళ్ళ నాయన టీకా చుక్కలన్నీ వేయించినాం కదా రోటా ఎట్ల వస్తాదని అడుగుతున్నాడు, మీ ఓనరేమో మనం కూడా పీసీఆర్ పెట్టేద్దాం అంటున్నాడు. నేను కర్నూల్లో మైక్రోబయాలజీ ల్యాబ్‌లో తల నెరిసినవాణ్ణి, మోషన్ డబ్బాల మధ్యనే నా సర్వీసంతా గడిచిపోయింది, కాబట్టి రొంత పొడుగ్గానే చెప్తా, ఓపిగ్గా చదువుకో.

మొదట నీ మనసులో పెట్టుకోవాల్సింది ఏందంటే రెండు రిపోర్టులూ కరెక్టే అయ్యిండొచ్చు. కార్డు చూసేది వైరస్ ప్రోటీన్‌ని, అది కంటికి కనపడే గీత రావాలంటే శాంపిల్‌లో వైరస్ గుంపులు గుంపులుగా ఉండాల. పీసీఆర్ చూసేది వైరస్ జన్యు పదార్థాన్ని, అది రవ్వంత ఉన్నా లక్షలింతలు పెంచుకుని చూపిస్తాది. కార్డు అడిగే ప్రశ్న "ఇప్పుడు ఈ మోషన్‌లో రోటా దండిగా ఉందా" అని, పీసీఆర్ అడిగేది "దీని జాడ ఏమన్నా ఉందా" అని. ఈ రెండు ప్రశ్నలకీ ఒకే జవాబు రావాలని ఎక్కడా లేదు. పెండ్లి అయిపోయి చుట్టాలంతా పోయినాక కూడా పందిరి గుంజలు కొన్నాళ్ళు అట్లనే ఉంటాయి చూడు, పీసీఆర్ ఆ గుంజల్ని కూడా లెక్కపెడతాది.

రోటా బేదులు ముదురుగా ఉన్న రోజుల్లో ఒక్క గ్రాము మోషన్‌లో వెయ్యి కోట్ల నుంచి పదివేల కోట్ల దాకా వైరస్ రేణువులు ఉంటాయి, అప్పుడు ఏ నాసిరకం కార్డు వేసినా గీత పడతాది. మొదటి నాలుగు రోజులే అసలైన టైం. వారం దగ్గరపడే కొద్దీ యాంటిజెన్, అంటే కార్డు పట్టే ఆ వైరస్ ప్రోటీన్, తగ్గిపోతా వస్తాది, అదే పీసీఆర్‌లో అయితే పిల్లోడు ఆడుకుంటా తిరుగుతున్నా వారాల తరబడి పాజిటివ్ వస్తానే ఉంటాది. మీ పాప శాంపిల్ ఆరో రోజుది, కార్డు నెగెటివ్ రావడానికి ఈ ఒక్క కారణం చాలు. కానీ నాకు ఇంకో అనుమానం ఉంది, శాంపిల్ ఎట్ల తీసినారని నువ్వు రాయలేదు.

ఈ విషయం మీద నేను ఎంత చెప్పినా తక్కువే. మన దగ్గర ల్యాబ్‌లన్నీ మెషీన్ల గురించి మాట్లాడుకుంటాయి గానీ డబ్బాలోకి ఏం వస్తా ఉందో ఎవరూ చూడరు. డైపర్ వేసిన పిల్లల నీళ్ళ విరేచనంలో నీళ్ళంతా డైపర్ లోపలి జెల్ పీల్చేసుకుంటాది, వైరస్ ఎక్కువ ఉండేది ఆ నీళ్ళలోనే, పైన మిగిలిన నాలుగు పలుకులు గీకి డబ్బాలో వేసి ఇస్తారు. అందుకే తల్లికి ముందే చెప్పాల, డైపర్ తీసేసి శుభ్రమైన ప్లాస్టిక్ కవర్ మీద పడుకోబెట్టమ్మా, లేదంటే డైపర్‌ని తిరగేసి కట్టమ్మా, నీళ్ళు నిలిచినాక స్పూనుతో ఎత్తి వెడల్పు మూతి డబ్బాలో పోయమ్మా అని. ఐదు ఎంఎల్ ఉంటే అన్ని టెస్టులకీ సరిపోతాది. మూత్రం కలవకూడదు, ఫినాయిల్ డెట్టాల్ పోసిన బేసిన్‌లోంచి ఎత్తకూడదు, ఫార్మలిన్ ఉన్న డబ్బా అస్సలు ఇవ్వకూడదు. అది పురుగుల గుడ్లు చూసేదానికి బాగుంటాది గానీ పీసీఆర్‌ని చంపేస్తాది. కాటన్ పుల్లతో మలద్వారంలో తీసిన శాంపిల్ ఏమీ దొరకనప్పుడు మాత్రమే, ఎందుకంటే దానికి అంటుకునేది రవ్వంత, కార్డుకి అది ఏ మూలకీ చాలదు.

శాంపిల్ క్రమశిక్షణ ఏందో తెలుసుకోవాలంటే పోలియో వాళ్ళని చూడాల. పదిహేనేళ్ళ లోపు పిల్లలకి ఉన్నట్టుండి కాలో చెయ్యో చచ్చుబడితే రెండు మోషన్ శాంపిళ్ళు, మధ్యలో కనీసం 24 గంటల తేడా, పక్షవాతం మొదలైన 14 రోజుల లోపల, ఒక్కోటి ఎనిమిది గ్రాములు అంటే పెద్దవాళ్ళ బొటనవేలంత, ఐస్‌లో పెట్టి 72 గంటల్లో డబ్ల్యూహెచ్ఓ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి చేరాల. అక్కడ క్లోరోఫామ్ కలిపి బ్యాక్టీరియాని చంపి, ఆర్‌డీ, ఎల్20బీ అనే రెండు రకాల కణాల మీద పెంచుతారు. ఈ ఎల్20బీ భలే తెలివైన ఏర్పాటు, ఎలుక కణాలకి మనిషిలో పోలియో వైరస్ అతుక్కునే రిసెప్టర్‌ని పెట్టినారు, కాబట్టి దాంట్లో పెరిగేది దాదాపుగా పోలియోనే, మిగతా ఎంటరోవైరస్‌లు ఆర్‌డీలో పెరుగుతాయి. 2011 జనవరిలో హౌరాలో వచ్చిన కేసే దేశంలో చివరి వైల్డ్ పోలియో (టీకా వైరస్ నుంచి కాక సహజంగా తిరిగేది) కేసు, ఇంక ఆ పోలియో లేదని 2014లో సర్టిఫికెట్ ఇచ్చినారు. ఇంత ధైర్యంగా లేదని చెప్పగలిగినారంటే ఆ డబ్బాలు టైంకి, చల్లగా చేరబట్టే కదా. మనమేమో జమ్మలమడుగు నుంచి శాంపిల్‌ని ఏప్రిల్ నెల మిట్టమధ్యాహ్నం ఆర్టీసీ బస్సులో ఉత్త క్యారీబ్యాగ్‌లో తెప్పించుకుని రిజల్ట్ రాలేదంటాం. రోటా గట్టిపిండమే, ఒకరోజు వేడికి పోయేది కాదు, కానీ నోరో ఆర్‌ఎన్‌ఏ కోసం చూసేవాళ్ళయితే థర్మాకోల్ డబ్బా, రెండు ఐస్ ప్యాకులు తప్పనిసరి. ల్యాబ్‌కి వచ్చినాక నాలుగు డిగ్రీల్లో పెట్టు, శానా రోజులు దాచాలంటే మైనస్ 70. మామూలు ఫ్రిజ్ పైన ఐస్ గూట్లో పెట్టి గడ్డకట్టించి కరిగించి మళ్ళీ గడ్డకట్టించడం మాత్రం వద్దు.

ఇంక కార్డు సంగతి. వేడి అన్నాం కదా, మన సీమలో కార్డు చెడిపోయేది అక్కడే. కిట్ పెట్టె మీద 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాలని రాసి ఉంటాది, మే నెలలో కర్నూల్లోనైనా కడపలోనైనా బయట 42 దాటిందంటే కరెంటు పోయిన గదిలో ఎంత ఉంటాదో నువ్వే ఆలోచించుకో. గోడకి ఒక థర్మామీటర్ తగిలించు, కిట్లని ఫ్రిజ్ కింది అరలో పెట్టుకో, అయితే ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే కవర్ చించొద్దు, గది వేడికి వచ్చేదాకా ఆగు, లేదంటే లోపల చెమ్మ పట్టి స్ట్రిప్ పాడవుతాది. రిజల్ట్‌ని ఎన్ని నిమిషాలకి చదవమన్నారో అప్పుడే చదవాల, టీకి పోయి వచ్చి అరగంట తర్వాత చూస్తే ఎండిపోయిన స్ట్రిప్ మీద దెయ్యం గీతలు కనపడతాయి. గట్టి మోషన్‌ని ఎక్కువ ఎత్తి వేసినా స్ట్రిప్ మీద పారక, టెస్ట్ సరిగ్గా నడిచిందని చూపించే కంట్రోల్ గీతే రాదు, అప్పుడది నెగెటివ్ కాదు, చెల్లని టెస్ట్.

ఇంకోటి, చాలా కిట్లలో ఆ ఆడినో గీత ఆడినోవైరస్ ఏ రకమైనా పడతాది. బేదులు తెప్పించేవి ముఖ్యంగా 40, 41 రకాలు, జలుబు దగ్గు తెప్పించే రకాలు కూడా పిల్లలు మింగేస్తారు కాబట్టి మోషన్‌లో కనపడతాయి. కిట్ కాగితంలో 40/41కే అని రాసుంటే సరే, లేకపోతే ఆ గీతని చూసి పెద్దగా ఏమీ చెప్పలేం. రోటాలో కూడా కార్డు పట్టేది 'ఏ' (A) అనే గ్రూపునే, పిల్లల్లో ఎక్కువ అదే కాబట్టి ఇబ్బంది లేదు.

ఎలిసా అనేది అదే యాంటిజెన్‌ని ఇంకొంచెం ఓపిగ్గా, గట్టిగా చూడటం. ప్లాస్టిక్ ప్లేట్‌లోని చిన్న గుంట అడుగున యాంటీబాడీ అతికించి ఉంటాది, అది రోటా మధ్య పొరలో ఉండే వీపీ6 ప్రోటీన్‌ని పట్టుకుంటాది, దాని మీద ఎంజైమ్ తగిలించిన ఇంకో యాంటీబాడీ, తర్వాత నీలం రంగు, ఆసిడ్ పోస్తే పసుపు, 450 నానోమీటర్ల దగ్గర రీడింగ్. కంటిచూపు మీద ఆధారపడకుండా అంకె వస్తాది, కంట్రోళ్ళు (పాజిటివో నెగెటివో ముందే తెలిసిన శాంపిళ్ళు) పక్కనే ఉంటాయి, అందుకే ఇన్నేళ్ళుగా రోటా సర్వేలన్నీ ఎలిసా మీదే నడిచినాయి. చిక్కల్లా ఉతుకుడు దగ్గరే, గుంటలు సరిగ్గా కడగకపోతే అన్నీ పచ్చగా వస్తాయి. గది 38 డిగ్రీలుంటే కూడా అంతే, కిట్‌లో గది వేడి అని రాసేవాళ్ళు 20-25 అనుకుని రాస్తారు, ఆదోనినో తాడిపత్రినో మనసులో పెట్టుకుని రాయరు కదా. మీకు నెలకి నాలుగైదు శాంపిళ్ళే వస్తాయంటే ఎలిసా వద్దు, ప్రతిసారీ కంట్రోళ్ళకే గుంటలు ఖర్చయిపోతాయి.

ఇప్పుడు పీసీఆర్. కరోనా టైంలో మెషీన్ కొన్నాం, అది మూలన పడుంది, వాడుకుందాం అనే ఆలోచన మీ ఓనర్‌ది ఒక్కడిదే కాదులే, శానామంది అడుగుతున్నారు. మెషీన్ అదే సరిపోతాది, కానీ ముక్కులో పుల్ల వేరు, మోషన్ వేరు. మోషన్‌లో పైత్య లవణాలు, రకరకాల పిండిపదార్థాలు ఉంటాయి, అవి ఎంజైమ్ గొంతు పట్టుకుంటాయి, వైరస్ ఉన్నా మెషీన్ లేదంటాది. అందుకే మొదట పదోవంతు సస్పెన్షన్ చేసుకోవాల, అంటే వంద మిల్లీగ్రాముల మోషన్‌కి 900 మైక్రోలీటర్ల బఫర్, బాగా వోర్టెక్స్ చేసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేటని మాత్రమే తీసుకోవాల. ఎక్స్‌ట్రాక్షన్‌కి (శాంపిల్‌లోంచి జన్యు పదార్థం తీయడానికి) ముందే ప్రతి శాంపిల్‌లో టెస్ట్ నడిచిందో లేదో చెప్పే ఇంటర్నల్ కంట్రోల్ వెయ్యాల, చాలామంది ఎంఎస్2 అనే ఫేజ్ (బ్యాక్టీరియాకి పట్టే వైరస్) వాడతారు, అది రాలేదంటే ఆ నెగెటివ్‌ని నమ్మొద్దు, పదింతలు పలచన చేసి మళ్ళీ పెట్టు. ఎక్కువ వేస్తే ఎక్కువ వస్తాదనుకుంటారు గానీ మోషన్ విషయంలో తక్కువ వేస్తేనే వస్తాది.

రోటాకి ఇంకో మెలిక ఉంది. దాని ఆర్‌ఎన్‌ఏ రెండు పోగులది, నోరోది ఒంటి పోగు. రెండు పోగుల్ని విడదీయకుండా నేరుగా రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్‌కి (ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా మార్చే మొదటి స్టెప్) పెడితే ప్రైమర్ (కాపీ మొదలుపెట్టే చిన్న ముక్క) కూర్చోడానికి చోటే దొరకదు. 95 డిగ్రీల్లో ఐదు నిమిషాలు ఉంచి టక్కున ఐస్ మీద పెట్టాల. కిట్‌లో ఆ స్టెప్ ఉందో లేదో చూసుకో, ఉంటే దాటేయొద్దు, టైం మిగిలించుకుందామని కుర్రాళ్ళు ఎగరగొట్టేది ఈ స్టెప్పే. నోరోకి అయితే జీ1, జీ2 రెండు గ్రూపులకీ వేర్వేరు ప్రోబ్‌లు (దొరికితే వెలిగే గుర్తు ముక్కలు) ఉండాల, ప్రైమర్లు పెట్టేది దాని జన్యువులో ఓఆర్‌ఎఫ్1, ఓఆర్‌ఎఫ్2 అనే భాగాలు కలిసే జాగాలో, ఆ వైరస్‌లో తక్కువగా మారే భాగం అదే.

సీటీ వాల్యూ, అంటే పీసీఆర్‌లో ఎన్నో సైకిల్‌కి వైరస్ కనపడిందనే అంకె, దాని గురించి డాక్టర్ గారితో మాట్లాడేటప్పుడు జాగ్రత్తగా మాట్లాడు, అంకె తక్కువుంటే వైరస్ ఎక్కువని. ప్రతి మూడు సైకిళ్ళ చిల్లరకి వైరస్ పదింతల తేడా, అంటే 18 దగ్గర వచ్చినదానికీ 35 దగ్గర వచ్చినదానికీ మధ్య లక్ష రెట్లు ఉంటాది. 18 వస్తే బేదులకి అదే కారణం అని దాదాపు గట్టిగా అనొచ్చు, 35 వస్తే పాత గుంజలే కావొచ్చు. నీ తలనొప్పి ఏందంటే ఆ 22 రకాల క్రిములు చూసే పెద్ద ప్యానెల్ రిపోర్టులో సీటీ ఇవ్వరు, డిటెక్టెడ్, నాట్ డిటెక్టెడ్ అంతే. గంటలో రిజల్ట్ వస్తాది, ఐసీయూలో పడున్న పిల్లోడికి, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ళకి అది వరమే, నేను కాదనను. మామూలు నీళ్ళ విరేచనాల పిల్లోడికి అన్ని వేలు పెట్టి మూడు పేర్లు చేతికిస్తే ఎవరు దొంగో ఎవరు దారినపోయేవాడో తేలదు.

ఈ మాట నా సొంత పైత్యం కాదు. మనకి పక్కనే ఉన్న వెల్లూరులో సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) వాళ్ళు పిల్లల్ని పుట్టినప్పటి నుంచి మూడేళ్ళు వెంటపడి, జబ్బు ఉన్నా లేకున్నా క్రమం తప్పకుండా మోషన్ తీసుకుని చూసినారు, 2011లో అచ్చయింది. రోటా ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగం బేదులు లేకుండానే వచ్చిపోయినాయి, ఒకసారి వచ్చిన పిల్లలకి మళ్ళీ మళ్ళీ కూడా వచ్చింది. కోల్‌కతాతో కలిపి ఆసియా, ఆఫ్రికాల్లో ఏడు చోట్ల పిల్లల బేదుల మీద జరిగిన జెమ్స్ అనే పెద్ద స్టడీ శాంపిళ్ళని తర్వాత పరిమాణం లెక్కగట్టే పీసీఆర్‌తో మళ్ళీ చేసి 2016లో వేసినారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల మోషన్‌లో కూడా క్రిములు దండిగా కనపడినాయి, అందుకే వాళ్ళు ఉందా లేదా అని కాకుండా ఎంత ఉంది అని లెక్కేసుకోవాల్సి వచ్చింది. అట్ల లెక్కేస్తే ఆడినో 40/41 వాటా అంతకుముందు ఎలిసాతో కనపడినదానికంటే బాగా పెరిగింది. అంటే పాత పద్ధతి కొన్నింటిని వదిలేసింది, కొత్త పద్ధతి సంబంధం లేనివాటిని కూడా ఎత్తుకొస్తాది.

పాప నాయనకి ఏం చెప్పాలో కూడా అడిగినావు. ఈ చుక్కల మందు ప్రభుత్వం మొదట 2016లో నాలుగు రాష్ట్రాల్లో మొదలుపెట్టింది, అందులో మన ఆంధ్ర ఒకటి, ఆరు, పది, పద్నాలుగు వారాలకి వేస్తారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో పసిబిడ్డల దగ్గర దొరికిన 116ఈ అనే రకం నుంచి హైదరాబాద్ భారత్ బయోటెక్ వాళ్ళు చేసిన రోటావ్యాక్ ట్రయల్స్‌లో తీవ్రమైన రోటా బేదుల్ని మొదటి ఏడాదిలో దాదాపు 56 శాతం తగ్గించింది. అంటే టీకా వేసుకున్నా రోటా రావొచ్చు, ఆస్పత్రిలో చేరేంత ముదరకుండా కాపాడటమే దాని పని. ఇంకో అనుమానం కూడా వస్తాది, చుక్కల్లో ఉండేది బతికున్న వైరస్సే కదా, మోషన్‌లో కనపడింది టీకా వైరస్సేమో అని. రెండు మూడు నెలల బిడ్డ, చుక్కలు వేసి వారం కాలేదంటే అది ఆలోచించాల్సిందే, పదకొండు నెలల పాపకి ఆ లెక్క వర్తించదు.

అనంతపురం యూనివర్సిటీలో ఎంఎస్సీ చేస్తున్న మీ చెల్లెలు ప్రాజెక్టుకి ఏదైనా చెప్పమన్నావు కదా, ఆ అమ్మాయికి పేజ్ చెయ్యమని చెప్పు, అంటే పాలీఅక్రిలమైడ్ జెల్. పాత పద్ధతి అని మూతి తిప్పుకుంటారు గానీ నాకు ఇప్పటికీ ముద్దొచ్చేది అదే. రోటా ఆర్‌ఎన్‌ఏ పదకొండు ముక్కలుగా ఉంటాది, ఫినాల్-క్లోరోఫామ్‌తో తీసి, రాత్రంతా జెల్‌లో నడిపించి, సిల్వర్ నైట్రేట్‌తో రంగు వేస్తే పొద్దున పదకొండు గీతలు నాలుగు, రెండు, మూడు, రెండు గుంపులుగా తేలతాయి. 'ఏ' (A) గ్రూపు అయితేనే ఆ వరస, వేరే గ్రూపయితే వరస మారిపోతాది, అందుకే కార్డు పట్టని రకాలు కూడా ఇందులో బయటపడతాయి. ఎలిసా అంత తక్కువ వైరస్‌ని పట్టదు, కానీ పదకొండు గీతలూ కనపడినాయంటే ఇంక వాదన లేదు. ఖర్చు జెల్ ఖర్చే, ఖరీదైన కిట్ అక్కర్లేదు. ఆ పైన రోటాలో ఉపరకాలని చెప్పే జీ టైపు, పీ టైపు తేల్చాలంటే వీపీ7, వీపీ4 జన్యువులకి పీసీఆర్ చెయ్యాల, దానికి వెల్లూరు లాంటి చోట సాయం అడగాల్సిందే.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ గురించి ఎవరో నీకు చెప్పినారంట, అది మన పనికాదు. అసలు రోటాని 1973లో మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం కనుక్కుంది, 1972లో అమెరికా శాస్త్రవేత్త కపికియన్ నోరోని చూసింది దాంతోనే, అన్ని రకాల వైరస్‌లూ ఒకేసారి కనపడటం దాని గొప్ప. కానీ ఎంఎల్‌కి పది లక్షల రేణువులన్నా లేకపోతే కంటికి ఆనవు. మన మామూలు మైక్రోస్కోప్‌లో అయితే వైరస్ కనపడే ప్రశ్నే లేదు, స్టూల్ రొటీన్ రిపోర్ట్ నార్మల్ అని చూసి వైరస్ లేదనుకునే తల్లిదండ్రులకి ఈ ముక్క చెప్పు.

నోరో విషయం ఒక్కటి వేరుగా చెప్పాల. దానికి కూడా కార్డులు దొరుకుతాయి, ఒంటరి పేషెంట్‌కి వాడొద్దు, నెగెటివ్ వస్తే అర్థం లేదు, పీసీఆర్‌తో పోలిస్తే శానా వదిలేస్తాయి. కానీ ఏదన్నా హాస్టల్లోనో పెండ్లి భోజనాల తర్వాతనో పదుల మంది ఒకటి రెండు రోజుల్లో వాంతులతో పడిపోయినారనుకో, అప్పుడు కనీసం ఐదుగురి మోషన్ రెండు మూడు రోజుల లోపల తీసి చూస్తే, ఇద్దరికి పాజిటివ్ వచ్చినా మొత్తం గుంపుకి కారణం తేలినట్టే. అందరికీ టెస్ట్ చెయ్యనక్కర్లేదు. నువ్వు ఆ శాంపిళ్ళు ముట్టుకున్నప్పుడు శానిటైజర్ పూసుకుని సరిపెట్టొద్దు, నోరోకి స్పిరిట్ పెద్దగా పని చెయ్యదు, సబ్బుతో కడుక్కో, బల్ల మీద హైపోక్లోరైట్ పొయ్యి.

మీ ఓనర్‌కి నా మాటగా చెప్పు: ఇప్పటికి మంచి కార్డు ఒకటి, కిట్ లాట్ (తయారీ బ్యాచ్) మారినప్పుడల్లా తెలిసిన పాజిటివ్, తెలిసిన నెగెటివ్ వేసి చూసుకునే అలవాటు, శాంపిల్ తీసే పద్ధతి ముద్రించిన తెలుగు కాగితం ఒకటి. దాంతోపాటు మోషన్ పీహెచ్, బెనెడిక్ట్స్ ద్రావణంతో రెడ్యూసింగ్ సబ్‌స్టెన్సెస్ (అరగకుండా మిగిలిన చక్కెరలు) కూడా చేసి ఇవ్వండి, రోటా పేగు పొరని దెబ్బతీసినాక పాలలోని లాక్టోజ్ అరగక బేదులు సాగుతాయి, పీహెచ్ 5.5 కంటే తక్కువుండి బెనెడిక్ట్స్ పాజిటివ్ వచ్చిందంటే ఆరో రోజు పిల్లకి వైరస్ పేరు కంటే ఆ రిపోర్టే డాక్టర్ గారికి ఎక్కువ పనికొస్తాది. రోటా అని తేలినా నోరో అని తేలినా వైద్యం ఓఆర్‌ఎస్, 14 రోజులు జింక్, తల్లిపాలు ఆపకపోవడమే, యాంటీబయాటిక్ అక్కర్లేదు. పీసీఆర్ పెట్టాలంటే మిక్స్ కలిపే గది, ఎక్స్‌ట్రాక్షన్ గది, మెషీన్ గది వేర్వేరుగా ఉండాల, అది కుదరకపోతే పెట్టకపోవడమే మేలు, ఒక్కసారి పీసీఆర్‌లో పెరిగిన జన్యు ముక్కలు గాల్లో కలిసి కాలుష్యం అయ్యిందంటే ఊళ్ళో అందరి రిపోర్టులోనూ నోరోనే.

ఆ డాక్టర్ గారికి ఇప్పుడు రాసివ్వాల్సిన మాట ఇది, కావాలంటే ఇట్లనే దించుకో: "శాంపిల్ జబ్బు ఆరో రోజున తీసినది. రోటా యాంటిజెన్ కార్డు నెగెటివ్, ఈ దశలో నెగెటివ్ ఫలితంతో రోటాని తోసిపుచ్చలేము. బయటి ల్యాబ్ పీసీఆర్‌లో ఒకటి కంటే ఎక్కువ క్రిములు కనపడినాయి, పరిమాణం తెలియదు కాబట్టి ప్రస్తుత బేదులకి ఏది కారణమో లక్షణాలతో కలిపి చూడగలరు." దాని కింద శాంపిల్ తీసిన తేదీ, టైం, డైపర్‌లోంచా నేరుగానా అనేది కూడా వెయ్యి. ఈ మూడు గడులు మీ రిపోర్ట్ ఫారంలోనే ఉండేటట్టు రేపే మార్పించు.